ఇద్దరు ఇటు, ఇద్దరు అటు

"టై అయితే మోషన్ ఫెయిల్ అమ్మా. అంటే మనం ఇక్కడికి రావట్లేదు." నల్లకుంటలో మా అమ్మ ముందే మా పెద్దది ఈ మాట అనేసింది.

అమెరికా వదిలి హైదరాబాద్ వచ్చేద్దామా అన్న చర్చ మా ఇంట్లో ప్రతి వేసవిలో ఉండేదే. ఈసారి ఓటు పెట్టాను. నేనూ మావాడూ వచ్చేద్దామన్నాం. మా ఆయనా, ఎనిమిదో క్లాసు అమ్మాయీ వద్దన్నారు.

దాని రూలు ఉత్తిది కాదు. అమెరికా ప్రతినిధుల సభలో ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోయినట్టే. సెనేట్‌లో అయితే ఉపాధ్యక్షులు ఓటేసి తేల్చవచ్చు. అలా కమలా హారిస్ తన పదవీకాలంలో 33 సార్లు ఓటేసి, పంతొమ్మిదో శతాబ్దపు ఉపాధ్యక్షుడు కాల్హూన్ పేరిట ఉన్న 31 ఓట్ల రికార్డును దాటారు. ఆమె ఓటేయకుండా ఊరుకుని ఉంటే అవన్నీ వీగిపోయేవే. మార్పు అడిగినవాళ్ళు ఓడిపోతారు, ఉన్నది ఉండనిమ్మన్నవాళ్ళు గెలుస్తారు. నన్ను కలచివేసింది ఇదే. అక్కడే ఉండిపోవాలని మేం ఏనాడూ అనుకోలేదు. ఎటూ తేల్చుకోని ఏళ్ళన్నీ ఉండిపోవడం కిందే జమ అయ్యాయి.

నేనూ పట్టు వదల్లేదు. మన రాజ్యాంగం 100వ అధికరణం ప్రకారం లోక్‌సభ స్పీకర్ మొదట ఓటేయరు, ఓట్లు సమానమైతే మాత్రం నిర్ణాయక ఓటు వేసి తీరాలి. పబ్లిక్ గార్డెన్స్ దగ్గరున్న మన అసెంబ్లీకీ 189వ అధికరణం కింద అదే పద్ధతి. "ఇక్కడున్నాం కాబట్టి ఇక్కడి రూలే. అమ్మమ్మే స్పీకర్" అన్నాను.

అమ్మ గోంగూర ఆకు తుంచుతూ తల కూడా ఎత్తలేదు. "మీరు నలుగురూ ఒక మాట మీదకు రండి. నా మాట విని వచ్చేసి, రేపు ఆ పిల్ల ఇక్కడ ఇమడలేకపోతే ఆ పాపం నాకొద్దు" అంది.

బ్రిటన్ కామన్స్ సభలో 1867లో స్పీకర్ డెనిసన్ చెప్పిందీ ఇంచుమించు ఇదే: సభలో లేని మెజారిటీని స్పీకర్ తన ఓటుతో పుట్టించకూడదు.

పిల్లలతో ఓటు పెట్టేవాళ్ళకు నేను చెప్పగలిగేది, టై అయితే ఏం చేయాలో ముందే మాట్లాడుకోండి. 2021లో సెనేట్ 50-50 అయినప్పుడు రెండు పార్టీల నాయకులూ కమిటీల్లో చెరిసగం సభ్యులుండేలా ఒప్పందం రాసుకున్నారు. కమిటీలో ఓట్లు సమానమైనా బిల్లు అక్కడే ఆగిపోకుండా సభకు తెచ్చే దారి కూడా అందులోనే పెట్టుకున్నారు.

అయితే ముందే మాట్లాడుకుని ఉంటే నేను ఆ మాటకు కట్టుబడేదాన్నా? ఏమో. మావాడికి తొమ్మిదేళ్ళు. వాడు ఓటేసింది మేనమామ పిల్లలతో డాబా మీద ఆడే క్రికెట్‌కి. ఆ ఓటును నిండు ఓటుగా లెక్కేసుకుని, స్నేహితులనూ స్కూలు ఆర్కెస్ట్రానూ వదిలి రావాల్సిన పిల్లతో "నీకింకా తెలియదులే" అన్నాను. రేపు మా ఆయన మనసు మార్చుకుంటే ముగ్గురం ఒకవైపు, అదొక్కతే ఒకవైపు. మెజారిటీ వచ్చింది కదా అని దాని పెట్టె సర్దేయగలనా?

వచ్చే వేసవికి మళ్ళీ ఓటు పెడదామంటే పెద్దది ఒక షరతు పెట్టింది. ఇక్కడి స్కూళ్ళు, పరీక్షలు, హోంవర్కు సంగతంతా చెప్పాకే తమ్ముణ్ణి ఓటు అడగాలట. సరేనన్నాను. అన్నీ విన్నాక వాడూ అటు వెళ్ళిపోతాడేమోనని ఇప్పటినుంచే టెన్షన్.