నేత్రదానం రాత్రి అడిగిన ప్రశ్నలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా పెదనాన్నగారు కన్నుమూసిన రాత్రి, నేత్రదానం కోసం వచ్చిన నిపుణుడు కంటి ముందుండే పారదర్శక పొరలైన కార్నియాలతో పాటు కొంత రక్తాన్నీ సేకరించి, ఆయనకు ఎక్కించిన సెలైన్ వివరాలను గుచ్చి గుచ్చి అడిగినప్పుడు, దుఃఖంలో ఉన్న మాకు కాస్త చిరాకు కలిగింది. కారణం తరువాత చదివి తెలుసుకున్నాను: మరణానికి ముందు ద్రవాలు ఎక్కువగా ఎక్కిస్తే రక్తం పలచబడి, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి జాడలు ఉన్నా పరీక్షకు అందకపోవచ్చు. పైగా వైరస్ సోకిన తొలి రోజుల్లో, పరీక్ష వెతికే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఇంకా తయారై ఉండవు. ఆ వ్యవధిని, వైరస్ జన్యుపదార్థాన్నే నేరుగా వెతికే న్యూక్లియిక్ ఆమ్ల పరీక్ష తగ్గిస్తుందే గాని పూర్తిగా తొలగించదు. అందుకే కుటుంబం చెప్పే ఆరోగ్య చరిత్రకు అంత విలువ. రేబిస్ విషయంలో మరీను; 1978లో అమెరికాలో అది అమర్చిన కార్నియా ద్వారానే ఒకరికి సోకింది. కుక్క కరిచిందా అన్న ప్రశ్నకు మాత్రం, వీధికుక్కలకు రోజూ అన్నం పెట్టిన మనిషిని అవెందుకు కరుస్తాయని మా పెద్దమ్మ నొచ్చుకున్నారు.