అటు కొడవలి, జంతిక, గీత

మన బ్యాచ్ సంచిక కమిటీవాళ్ళు "నీ ఇష్టం, ఏదైనా రాయి, ఆదివారంలోగా ఇచ్చీ" అన్నారు. పెద్ద చెరువు గట్టు సంగతి రాయొద్దని ఇద్దరు విడివిడిగా ఫోన్ చేశారు. రాయను. హాస్టల్ పనసకాయ సంగతీ రాయను, ఆ కేసు ఇంకా తేలలేదని మన గుండు అంటున్నాడు. మొదటి రెండేళ్ళు నాకెలాగూ గుర్తులేవు. గుర్తున్నదల్లా మూడో ఏడు లైనక్స్ ల్యాబు, మన ల్యాబ్ సారు.

ప్రొజెక్టర్ ఎప్పుడూ రిపేరే కదా, కమాండ్లన్నీ సారు నోటితోనే చెప్పేవారు. లెస్‌దాన్ అంటే ఎటువైపో వెనక బెంచీకి తెలియదని <, > గుర్తుల్ని "ఇటు కొడవలి, అటు కొడవలి" చేశారు. ఆంపర్‌సాండ్‌ని (&) జంతిక, హైఫన్‌ని (-) గీత చేశారు. "ఎగ్జెక్ మూడు, ఇటు కొడవలి, అటు కొడవలి, స్లాష్ డెవ్ స్లాష్ టీసీపీ" అంటుంటే సివిల్‌వాళ్ళు కిటికీ దగ్గర నిలబడి వినేవారు. ఆ డెవ్ టీసీపీ అన్నది డిస్కులో ఎక్కడా లేదని, ఆ పేరు చూసి బ్యాష్ (మనం కొట్టే కమాండ్లు నడిపే షెల్) తనే సాకెట్ (నెట్‌వర్క్ కనెక్షన్) తెరుస్తుందని నా బుర్రకి ప్రాక్టికల్ రోజుదాకా ఎక్కలేదు. తెరిచిన ప్రతిదానికీ ఒక నంబరుంటుంది, 0, 1, 2 షెల్ వాడుకుంటుంది, మనవి 3 నుంచి అన్నది మాత్రం ఎక్కింది.

ప్రాక్టికల్ రోజున తెలివి చూపించాను. అందరూ 3 వాడితే, నేను ఫ్లవర్ బ్రాకెట్లలో వేరియబుల్ పేరు పెట్టి, నంబరు బ్యాష్‌నే ఎంచుకోమన్నాను. బ్యాష్ 4.1లో కొత్తగా వచ్చిన పద్ధతి మరి. లూపులో సెకనుకోసారి ల్యాబ్ సర్వర్ 80వ పోర్టుకి కనెక్షన్. 3 అయ్యుంటే కొత్తది తెరిచినప్పుడల్లా పాతది దానంతటదే మూసుకుపోయేది. నాకు ప్రతిసారీ కొత్త నంబరే, 10 నుంచి మొదలై. పావుగంట దాటాక "టూ మెనీ ఓపెన్ ఫైల్స్". ఎక్స్‌టర్నల్ సరిగ్గా నా వెనకే ఉన్నారు. టెన్షన్‌తో వేళ్ళు చల్లబడ్డాయి.

సారు ఇంకో టెర్మినల్ తెరిచి, నా షెల్ ప్రాసెస్ నంబరు పట్టుకుని, ప్రాక్ కింద ఎఫ్‌డీ డైరెక్టరీ లిస్టు, అంటే ఆ షెల్ తెరిచి ఉంచినవన్నీ, తీశారు. సాకెట్, సాకెట్, సాకెట్... దొర్లుతూనే ఉంది, 1023 దాకా. లిమిట్ 1024.

"ఏట్రా, తెరవడమేనా? తలుపు మూసీడం మీ ఇంట్లో నేర్పలేదా?"

లూపు చివర, తెరిచింది మూసెయ్యమని, నా చేతే కొట్టించారు: అటు కొడవలి, జంతిక, గీత. మార్కులెన్నో చెప్పను, ముందు బెంచీకి తెలుసు.

ఇప్పుడు బెంగళూరులో సర్వర్లు చూసే టీమ్‌కి లీడ్‌ని, పన్నెండుమంది పిల్లలు. (ప్లేస్‌మెంట్ రాలేదని జాలిపడినవాళ్ళు ఈ వాక్యం రెండుసార్లు చదవండి.) నిరుడు విజయనగరం సిరిమాను పండక్కి వచ్చి మూడు లాంతర్ల దగ్గర జనంలో సారుతో నిలబడి ఉంటే ఫోన్. స్క్రిప్టు 3 మూసేసినా, కనెక్షన్ తెగినట్టు అవతలివైపు తెలియట్లేదట. మధ్యలో బ్యాక్‌గ్రౌండ్‌లో ఏదైనా వదిలారా అన్నాను. స్లీప్ 600 (పది నిమిషాలు ఊరికే ఆగే కమాండు) అన్నారు. అది పుడుతూనే 3ని తనతో తెచ్చుకుంది, అదీ వదిలితేగానీ సాకెట్ పోదు. డప్పుల మోతలో ఒక చెవి మూసుకుని అరిచాను: "స్లీప్ 600, మూడు, అటు కొడవలి, జంతిక, గీత! ఆఖర్న ఇంకో జంతిక!"

సారు నా భుజం తట్టి అడిగారు, "జంతికంటే వాళ్ళకేటి తెలుస్తాదిరా?"

"నేర్పీసాను సార్."