కాజీపేటలో రైలెక్కే క్రిస్మస్ తాత

ఇంగ్లండ్‌లో పాత ఆవిరి రైళ్లు నడిపేవాళ్లకు డిసెంబరే అసలు సీజను. టికెట్‌లోనే శాంటా, పిల్లలకో బహుమతి కలిపి అమ్ముతారు. మన ఓరుగల్లు వైపు అలాంటి లైను లేదు కాబట్టి చర్చి కుటుంబాలన్నీ కలిసి కాజీపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే మామూలు రైల్లోనే క్రిస్మస్ తాతను ఏర్పాటు చేసుకోవాలి.

బోగీ మొత్తం కావాలంటే ఐఆర్‌సీటీసీలో ఎఫ్‌టీఆర్ (పూర్తి చార్జీ కట్టి బోగీ మొత్తం బుక్ చేసుకునే పద్ధతి) కింద కనీసం 30 రోజుల ముందు, బోగీకి 50,000 రూపాయల రిజిస్ట్రేషన్ సొమ్ము కట్టి అడగాలి. బోగీ తగిలించే స్టేషన్లో రైలు 10 నిమిషాలైనా ఆగాలి. సగం ప్లాన్లు ఇక్కడే బోల్తా పడతాయి. విడి టికెట్లయితే 5 ఏళ్లు నిండి 12 నిండని పిల్లలకు సీటు కావాలంటే పూర్తి చార్జీ. సగం టికెట్‌కు ఆశపడితే ఒళ్లో కూర్చోబెట్టుకోవడమే.

ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం బోగీ) స్లీపర్లో 80 బెర్తులు, అంటే ఎనిమిదేసి చొప్పున 10 అరలు. అరకు 4 నిమిషాలనుకున్నా తాతకు 40 నిమిషాలు. టీటీఈ చెకింగ్ అయ్యాక, ఘన్‌పూర్ దాటగానే మొదలుపెడితే భువనగిరి లోపు తేలిపోతుంది. బహుమతులు అరల వారీగా పది సంచుల్లో ముందే సర్దండి. ఒకే మూటయితే పేర్లు వెతకడంలోనే ఆలేరు వచ్చేస్తుంది.

కొవ్వొత్తులు, టపాసులు వద్దే వద్దు. టపాసుల్లాంటి ప్రమాదకర వస్తువులు రైల్లోకి తెస్తే 1989 రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. క్రీము కేకు కుదుపులకు సీట్లకు అంటుతుంది. ప్లమ్ కేకే తీసుకోండి, ఇంట్లోనే కోసి పొట్లాలు కట్టండి.