ఒక్కదాన్నే వస్తానని మొక్కుకున్నాను

మోకాళ్లు ఇంకా పూర్తిగా మానలేదు. కూర్చుని లేచినప్పుడల్లా పక్కు కట్టిన చోట చురుక్కుమంటోంది. అది ఊడిపోకముందే రాసేయాలనిపించింది. మానిపోయాక నాకు నా గొప్పలే గుర్తుంటాయి, నా సంగతి నాకు తెలుసు.

మొక్కు నిరుటిది. తమిళనాడులో సముద్రం ఒడ్డున ఉన్న వేళాంగణి మాతకు మొక్కుకున్నది. మా అమ్మాయికి ఏడో నెలలోనే కాన్పయింది. పాప పన్నెండు వందల గ్రాములు. నలభై ఒక్క రోజులు అద్దాల పెట్టెలో ఉంది. ఆ గది బయట నిలబడి, "ఆరోగ్యమాతా, ఈ బిడ్డ ఇంటికొస్తే వేళాంగణి వచ్చి ఇసుక దారిలో మోకాళ్ల మీద నడుస్తాను. ఎవరి సాయమూ లేకుండా ఒక్కదాన్నే వస్తాను" అన్నాను. ఆ చివరి మాట ఎందుకు కలిపానో అప్పుడు ఆలోచించలేదు. కష్టం పెరిగితే మొక్కు బరువుగా తూగుతుందనుకున్నానేమో. పాప ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది.

బయలుదేరే ముందు ఆదివారం, పూజ అయ్యాక ఆశీర్వాదం కోసం మా విచారణ గురువుల దగ్గరికి, అంటే మా చర్చి ఫాదర్ దగ్గరికి వెళ్లాను. ప్రయాణం గురించి రోజూ ఏమని ప్రార్థిస్తున్నారని అడిగారు. చెప్పాను: రైలు ఆలస్యం కాకూడదు, కింది బెర్తు దొరకాలి, వాన పడకూడదు, ఎవరితోనూ పని పడకుండా వెళ్లి రావాలి. ముప్పై రెండేళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని కదా, జాబితా పకడ్బందీగానే ఉంది. ఫాదర్ నవ్వకుండానే అన్నారు: "టీచరు గారూ, ఇది ప్రార్థనలా లేదు. దేవుడికి ఇచ్చిన హోంవర్కులా ఉంది."

తరువాత బైబిల్లో ఎజ్రా గ్రంథం ఎనిమిదో అధ్యాయం తీసి నాచేతే చదివించారు. యాజకుడైన ఎజ్రా యూదులను వెంటబెట్టుకుని బబులోను నుంచి యెరూషలేముకు వెళ్తున్నాడు. నాలుగు నెలల దారి. వెంట పిల్లాజెల్లా, బోలెడంత వెండి బంగారం. కాపలాకు సైనికులను ఇమ్మని రాజును అడగడానికి ఎజ్రాకు సిగ్గేసింది. మా దేవుడే చూసుకుంటాడని అంతకుముందే రాజుతో చెప్పి ఉన్నాడు మరి! అందుకని అహవా నది దగ్గర ఉపవాసం చాటించి, అందరూ దేవుని ముందు తమను తాము తగ్గించుకుని, దారి క్షేమంగా సాగాలని వేడుకున్నారు. ఇంతవరకు నాకు తెలిసిందే. ఫాదర్ వేలుపెట్టి చూపించింది ఆ తరువాతి వచనాలను. ఉపవాసం అయిన వెంటనే ఎజ్రా యాజకుల్లో పన్నెండు మందిని ఏర్పరచి, ఆ వెండి బంగారాలను తూకం వేసి వాళ్ల చేతికి అప్పగించాడు.

"చూశారా, అంత ప్రార్థన చేసినవాడు కూడా మూట తన ఒక్కడి నెత్తినే పెట్టుకోలేదు. ఇంతకీ మీరు ఏ రైలుకు వెళ్తున్నారో మీ అబ్బాయికి చెప్పారా?"

కంగారు పడతాడని చెప్పలేదన్నాను. అది అబద్ధం. తనూ వస్తానంటాడని చెప్పలేదు.

ఆ రాత్రి అబ్బాయికి ఫోను చేసి రైలు, బస, తిరుగు ప్రయాణం అన్నీ చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు వాడు. చివరకు, "రోజూ పొద్దునా రాత్రీ ఫోను చెయ్యమ్మా, చాలు" అన్నాడు. తరువాత మంచం పక్కన మోకరించి జాబితా మొదలుపెట్టబోతే ఒక్కటీ నోట రాలేదు. "ప్రభూ, నాకు భయంగా ఉంది" అన్నాను. భాష రాని ఊరు, అరవై దాటిన ఒళ్లు. భయమేనని అప్పటిదాకా నాకు నేనే ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాటా అని పడుకున్నాను.

ప్రయాణం గురించి చెప్పుకోవడానికి పెద్దగా లేదు. చెన్నైలో రైలు మారి, తెల్లవారేసరికి నాగపట్నం, అక్కడి నుంచి బస్సు. చీకట్లో కిటికీ దగ్గర కూర్చుని 121వ కీర్తన మననం చేసుకుంటూ ఉన్నాను. యెరూషలేముకు ఎక్కి వెళ్లే యాత్రికుల కోసం ఉన్న పదిహేను కీర్తనల్లో అదొకటి. నిన్ను కాపాడేవాడు కునుకడు, నిద్రపోడు అని ఉంటుంది అందులో. బోగీ అంతా గురక పెడుతున్న వేళ ఆ మాట బాగా పట్టుకుంది.

ఆగస్టు 29న మాత పండగ జెండా ఎగిరాక ఇక ఆ ఊళ్లో కాలు పెట్టే చోటుండదని అందరూ చెబుతూనే ఉన్నారు. నేను సెప్టెంబరు మొదటి వారంలోనే వెళ్లాను, పాప పుట్టింది ఆ వారంలో గనుక. కాషాయం కట్టుకుని ఎక్కడెక్కడి నుంచో నడిచి వచ్చినవాళ్లు, పొర్లుదండాలు పెట్టేవాళ్లు, గుండు చేయించుకున్న పసివాళ్లు. ఇంతవరకు కళ్లకు పండగే. ఆ తోపులాట మాత్రం నావల్ల కాలేదు. వరుసలో ఒకాయన నా భుజం మీద మోచెయ్యి ఆనించి వీడియో తీస్తూ నిలబడ్డాడు. జపమాలలో రెండో పది పూసల దగ్గర మూడుసార్లు లెక్క తప్పాను. గుడికి పోపు గారు బసిలికా అనే ప్రత్యేక హోదా ఇచ్చిన 1962లో మా అమ్మానాన్నలు కొత్త దంపతులుగా ఇక్కడికి వచ్చారట. అప్పుడు మాత ముందు కూర్చుని తీరిగ్గా ఏడ్చానని అమ్మ చెప్పేది. ఇప్పుడు ఏడవాలంటే నడుస్తూ ఏడవాలి.

బసిలికా నుంచి మాత కొలను వైపు పరిచిన ఇసుక దారిలో సాయంత్రం మోకాళ్ల మీద మొదలుపెట్టాను. ఇసుక మెత్తగానే ఉంటుంది కదా అనుకుంటాం. పైపొర మెత్తనే. చీర తడబడి పక్కకు తొలగగానే కింద గరుకు రేణువులు చర్మంలో దిగుతాయి. నలభై అడుగులు వెళ్లేసరికి కుడి మోకాలు చిట్లింది. చెమటతో కలిసి ఇసుక అక్కడే అంటుకుపోయింది. నా పక్కనుంచి ఒక ముసలాయన ముందుకు వెళ్లిపోయాడు. ఆయనను చూసి పంతం పెరిగింది గానీ భక్తి పెరగలేదు, నిజం చెప్పాలంటే.

సగం దారి రాకముందే ఆగిపోయాను. ముందుకు పోలేను, లేవడానికి మనసొప్పలేదు.

ఇరవై ఏళ్లుంటాయేమో, ఒక అమ్మాయి వచ్చి నా ముందు తడి తువ్వాలు పరిచింది. "పాటీ" అని పిలిచి ఏదో అంది. పాటీ అంటే తమిళంలో అవ్వ అని తెలుసు. ముందు ఆ పిలుపుకే చిన్నబుచ్చుకున్నాను. అమ్మమ్మనయ్యానని మొక్కు తీర్చుకోవడానికి వచ్చి అవ్వా అంటే రోషమేమిటో! వద్దని చెయ్యి ఊపాను. ఎవరి సాయమూ లేకుండా అని మొక్కుకున్నానని తెలుగులో చెప్పాను కూడా. ఆమెకు అర్థం కాలేదు. రెండో తువ్వాలు కూడా తీసి దాని ముందు పరిచింది.

ఇసుకలో అలాగే కూలబడి ఆలోచించాను. వేళాంగణి కథలు మనందరికీ తెలిసినవే. పాలు తీసుకెళ్లే పిల్లవాణ్ణి, మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లవాణ్ణి మాత ఏం చేసింది? చెయ్యి చాపి అడిగింది. చంకలో బిడ్డకు పాలు కావాలని, మజ్జిగ కావాలని ఊరూ పేరూ లేని పిల్లలను అడిగింది దేవమాత. ఆ చోటికి వచ్చి నేను, ఎవరినీ ఏమీ అడగనని మొక్కుకున్నాను.

తువ్వాలు మీదికి జరిగాను. నేను దాటగానే ఆ అమ్మాయి వెనక తువ్వాలు తీసి, ఇసుక దులిపి, ముందుకు తెచ్చి పరిచేది. అలా ఎన్నిసార్లు వంగి లేచిందో లెక్కపెట్టలేదు. ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి. తమిళంలో మంగళవార్త జపం అని కాసేపటికి తెలిసింది. ఆమె సగం చెబితే మిగతా సగం నేను తెలుగులో అందుకున్నాను. చివర లేవదీసి, బాటిల్ నీళ్లతో మోకాళ్లు కడిగి, ఒక తువ్వాలు చింపి కట్టింది. పేరు అడుగుదామనుకునేలోగా వాళ్లవాళ్లు పిలిస్తే పరుగెత్తింది.

మాత దర్శనం మర్నాడు తెల్లవారుజామున. చీర కట్టుకుని, బాలయేసును ఎత్తుకుని నిలబడి ఉంది. ఎంతసేపు? ఒక పరలోక జపం కూడా పూర్తి కాలేదు. నా ముందు పైకెత్తిన నాలుగు ఫోన్ల మధ్య సందులోంచి బిడ్డను పట్టుకున్న చెయ్యి మాత్రం కనిపించింది. పాప పేరు ఒక్కటే చెప్పగలిగాను. వెనకవాళ్లు తోసేశారు.

తరువాత సముద్రం దగ్గర కూర్చున్నాను. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. ఇదే ఒడ్డున ఎంతోమంది యాత్రికులను సునామీ అల లాక్కుపోయింది. వాళ్లూ ఇంట్లో ప్రార్థన చేసుకునే బయలుదేరి ఉంటారు. నాకంటే వినయంగానే చేసి ఉంటారు. దానికి నా దగ్గర జవాబు లేదు. వాళ్ల కోసం జపమాల చెప్పి లేచాను.

తిరుగు రైల్లో నాది కింది బెర్తే. జాబితాలో అది దేవుడు కొట్టెయ్యలేదన్నమాట. ఎదుటి కుర్రవాణ్ణి, "బాబూ, ఈ సంచి కాస్త పైన పెడతావా?" అని అడిగాను. పెట్టాడు. పెట్టి, వాళ్లమ్మకు నా బెర్తు ఇస్తారా అని సైగలతో అడిగాడు. నేను లేవబోతుంటే ఆవిడ నా మోకాళ్ల కట్లు చూసి, కొడుకును కసిరి, నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది. కింద నుంచి వాడూ నేనూ చెరో పక్కా ఆసరా పడితే ఆపసోపాలు పడుతూ మధ్య బెర్తు ఎక్కింది.