రెండు గంటల కుర్చీ

గురువారం, బెంగళూరు. పొద్దుట్నుంచీ ముసురే. మారతహళ్ళి పీజీలో ఉండే అనంతపురం అబ్బాయి వాళ్ళక్క కోసం ఫోన్ చేశాడు. "డిప్రెషన్‌కి ముక్కులోకి కొట్టే మందంట, యాడ దొరుకుతుందన్నా?"

దొరకడం సంగతి తర్వాత. అది షాపులో కొని ఇంటికి తెచ్చుకునే మందు కాదు. కొట్టుకున్నాక రెండు గంటలు మనిషిని కనిపెట్టుకుని ఉండే చోటు వెతుక్కోవాలి.

మందు పేరు ఎస్‌కెటమిన్. మామూలు మందులకి లొంగని మొండి డిప్రెషన్‌కి వాడతారు. అమెరికాలో 2019 మార్చిలో స్ప్రావాటో పేరుతో అనుమతి వచ్చింది. అక్కడ గుర్తింపు పొందిన క్లినిక్‌లోనే, సిబ్బంది కళ్ళెదుట పేషంటే కొట్టుకోవాలి. ఒక్కో పరికరంలో 28 మిల్లీగ్రాములు, సరిగ్గా రెండు స్ప్రేలు, ముక్కుకి ఇటొకటి అటొకటి. మామూలుగా మొదటిరోజు 56, అంటే రెండు పరికరాలు. తర్వాత అవసరమైతే 84.

జలుబు స్ప్రేలు అలవాటైన చెయ్యి ముందు గాల్లోకి ఒకసారి నొక్కి చూస్తుంది. ఇక్కడ అలా నొక్కితే పరికరంలో సగం మందు గాలిపాలే. దాని మీద రెండు పచ్చ చుక్కలుంటాయి, స్ప్రేకి ఒకటి చొప్పున పోతాయి. ముక్కు చీదడం మొదటి పరికరానికి ముందే. తర్వాత చీదితే మందు బయటికొచ్చేస్తుంది, కారితే టిష్యూతో అద్దుకోవాలి. తల 45 డిగ్రీలు వెనక్కి వాల్చి, రెండో రంధ్రం మూసి, కొట్టాక మెల్లగా పీల్చాలి. పరికరానికీ పరికరానికీ మధ్య 5 నిమిషాలు ఆగాలి. అందరూ తొందరపడేది ఇక్కడే. గొంతులోకి చేదు దిగుతుంది, అది మామూలే.

వాంతి భయం ఉంది కాబట్టి రెండు గంటల ముందు నుంచి తిండి వద్దు, అరగంట ముందు నుంచి నీళ్ళూ వద్దు. పదింటికి కుర్చీ అంటే ఇడ్లీ ఎనిమిదిలోపు, కాఫీ తొమ్మిదిన్నరలోపు.

బీపీ ముందే చూస్తారు. 140/90 దాటితే ఆ రోజు ఇవ్వాలా వద్దా అని డాక్టరు ఆలోచిస్తాడు, ఎందుకంటే మందు పడ్డాక అది ఇంకా పెరిగి 40 నిమిషాలప్పుడు బాగా పైకెళ్తుంది. అప్పుడు మళ్ళీ చూడాలి. ఒళ్ళు తనది కానట్టు, గోడ దూరం జరిగినట్టు అనిపించేదీ దాదాపు అప్పుడే. చాలామందికి రెండు గంటల్లో తగ్గుతుంది. మెదడులో రక్తనాళం ఉబ్బిన వాళ్ళకీ, గతంలో అక్కడ రక్తస్రావం జరిగిన వాళ్ళకీ ఈ మందు ఇవ్వకూడదు.

రాత్రి నిండా నిద్రపోయి లేచేదాకా బండి ముట్టకూడదు. అందులోనూ సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో! వెంట ఒక మనిషి ఉండాలి. మొదటి 4 వారాలు వారానికి రెండుసార్లు, తర్వాతి 4 వారాలు వారానికి ఒకసారి, ఆపైన వారానికో రెండు వారాలకో. ఐటీ ఉద్యోగానికి ఎనిమిది వారాల్లో పన్నెండు సెలవులు. నా లెక్కలో డబ్బు కంటే ఇదే పెద్ద చిక్కు.

ఇక్కడ కొన్నిచోట్ల మామూలు కెటమిన్‌ని, అంటే ఆపరేషన్లలో మత్తుకిచ్చే మందుని, సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కిస్తారు. అది వేరే పద్ధతి, కాబట్టి ఏది ఇస్తారో ముందే అడగాలి. బీపీ ఎన్నిసార్లు చూస్తారు, ఆక్సిజన్ ఉందా, ఆ రెండు గంటలూ పక్కన ఎవరుంటారు, ఇవీ అడగాలి. కెటమిన్ మన దేశంలో షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే అమ్మకం మీద గట్టి ఆంక్షలున్న జాబితాలోది. చీటీ రెండు ప్రతులు రాయాలి, ఒకటి షాపువాడి దగ్గరుంటుంది. కొరియర్‌లో ఇంటికి పంపుతామనే వాళ్ళ జోలికి పోవద్దు.

అసలు ఆమెది మొండి డిప్రెషనేనా? రెండు రకాల మందులు సరైన డోసులో ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడినా గుణం కనిపించకపోతేనే ఆ మాట. పది రోజులు మింగి ఆపేసింది లెక్కలోకి రాదు. అందుకే మందు పేరు, డోసు, ఎన్ని వారాలు, ఎందుకు ఆపారు, ఒక కాగితం మీద రాయమన్నాను. అది పట్టుకుని హోసూరు రోడ్డులోని మానసిక వైద్యశాల నిమ్హాన్స్ ఓపీకి వెళ్ళొచ్చు. ఈలోగా మనసు మరీ బాగాలేకపోతే ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైను టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

సాయంత్రం మెసేజ్ వచ్చింది. పాత చీటీలు దొరికాయంట, రెండు మెడికల్ షాపు కవర్ల నిండా.