తెల్లారుజామున గుంట గట్టు మీద చిన్నమయ్య

మాది ఇందుకూరుపేట మండలం, మైపాడు పోయే దోవలో మూడెకరాల గుంట లీజుకి తీసుకుని పోయిన సంవత్సరం వనామి రకం రొయ్య వేశా. రొయ్యలోళ్లకి చెప్పక్కర్లా, మిగతావాళ్లకి ఒక్క ముక్క చెప్తా. పగలు ఎండకి నీళ్లలో పాచి ఆక్సిజన్ వదలతాది, రాత్రైతే అదే పాచి, రొయ్య, అడుగున బురద అన్నీ కలిసి దాన్ని లాగేసుకుంటాయి, అందుకని సరిగ్గా తెల్లారే ముందు డీఓ, అంటే నీళ్లలో కరిగుండే ఆక్సిజన్, బాగా పడిపోతాది. ఆ టైములో కరెంటు పోయి జనరేటర్ గూడా మొరాయించిందంటే మూడు నెల్ల కష్టం నీళ్ల మీద తేలతాది, అంతే.

అరవయ్యో రోజుకి పక్క గుంటలో వైట్ స్పాట్ పడింది, రొయ్యల్ని చంపే రోగం. ఆ రోజు నుంచి నాకు రాత్రి రెండు దాటితే గుండె దడ, అరచేతులు చెమట, ఊపిరి సగంలోనే ఆగిపోయినట్టు. నెల్లూరు పోయి ఈసీజీ తీయించుకున్నా, గుండెకేం కాలా, ఆందోళన, టెన్షన్ తగ్గించుకో అన్నాడు డాక్టరు. గుంటలో లక్షలు పోసి కూర్చున్నోణ్ణి టెన్షన్ తగ్గించుకోమంటే ఎట్టా తగ్గించుకునేది, చెప్పండి.

సరే, గుంట దగ్గర షెడ్డులో ఎట్టాగూ మేలుకోవాలి గదా అని ఫోన్ పట్టుకున్నా. ముందు రీల్స్. అది పెద్ద తప్పు. నేను రొయ్యల రైతునని ఫోన్‌కి ఎప్పుడో తెలిసిపోయింది, రెండు కామెడీ బిట్లు చూపించి మూడోది కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగతాయో ఆ లెక్క) రేటు పడిపోయిందనీ, నాలుగోది చచ్చిన రొయ్యల్ని వల్లో ఎత్తతా ఉండే వీడియో. తర్వాత ఒక థ్రిల్లర్ పెట్టా, మనసు దాని మీదికి పోతాదిలే అని. మనసు పోయింది గానీ దడ గూడా దాంతోబాటే పోయింది, సినిమాలో ఎవుడో తలుపు కొడితే నేను టార్చి తీసుకుని గట్టు మీదికి పరిగెత్తా. కాపలా మామ లేచి "ఏంది అబ్బయా, దొంగలా?" అన్నాడు. ఏం చెప్పను.

అందరూ బాగుందన్న కొత్త కామెడీ ఒకటి పెట్టా, అదీ కాలా. బాగలేక కాదు. కొత్త సినిమా అంటే ఎవరు ఎవరికి ఏమవుతారు, ఇప్పుడేం జరగతాది అని బుర్ర పెట్టాల, నాకు ఆ బుర్ర ఏరేటర్ల దగ్గరుంది, అవే గుంటలో నీళ్లు చిలికి ఆక్సిజన్ కలిపే మిషన్లు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆవిడ నవ్వి, "ఉండే భయం చాలక కొత్తది చూసి దాంట్లో ఏమైపోతాదో అని గూడా భయపడాలా ఏమయ్యా, తెలిసిన బొమ్మే పెట్టుకోరాదా" అంది. నాకు తట్టలా ఆ మాట.

ఆ రాత్రే మిస్సమ్మ పెట్టా, 1955 సినిమా, చిన్నప్పుడు మా అవ్వతో ఎన్నిసార్లు చూశానో. ఎన్టీఆర్, సావిత్రి, రేలంగి, హాయిగా ఉంటాది అనుకున్నానా, అందులో రమణారెడ్డి వేషం గుర్తే లేదు నాకు. డేవిడ్, అప్పిచ్చి సావిత్రి వెంటపడేవాడు. మనకేమో మేత షాపులో పాత బాకీ. ఆయన బక్కచిక్కిన మొహం తెర మీదికొచ్చినప్పుడల్లా షాపాయనే ఫోన్ చేసినట్టుంది, అరగంటకే కట్టేశా. రమణారెడ్డి మా జిల్లా మనిషే, జగదేవిపేట, అయినా ఆ రాత్రి ఆయన్ని క్షమించలేకపోయా!

నువ్వు నాకు నచ్చావ్ కొంచెం పనిచేసింది, వెంకటేష్, సునీల్ ఉన్నంతసేపు పెదాల మీద నవ్వు వచ్చింది గానీ, రెండో సగంలో పెళ్లి, త్యాగం, ఏడుపు మొదలయ్యేసరికి నాకెందుకొచ్చిన గొడవ అనిపించి ఎనక్కి తిప్పి మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నా. ఎనక్కి తిప్పుకోవచ్చని, సినిమా మొత్తం చూడక్కర్లేదని అప్పుడే తెలిసింది.

చివరికి కుదిరింది మాయాబజార్. 1957ది, మూడు గంటల పైన ఉంటాది, అంటే రెండింటికి మొదలుపెడితే ఎటూ తెల్లారేదాకా వస్తాది. ఇందులోనూ అదే రమణారెడ్డి, కాకపోతే ఇక్కడ ఘటోత్కచుడి దగ్గరుండే చిన్నమయ్య. ఎవరికీ ఏమీ కాదు, అందరికీ తెలుసు. పాండవుల కథే గానీ పాండవులు తెర మీదికే రారు, యుద్ధం గోలే లేదు. సావిత్రి శశిరేఖ లోపల ఘటోత్కచుణ్ణి పెట్టుకుని పెళ్లిపీటల మీద రేలంగి కాలు తొక్కతాది చూడండి, దానికి నేను షెడ్డులో ఒక్కణ్ణే పైకి నవ్వా. 2010లో రంగులేసింది గూడా ఉంది గానీ నాకు నలుపు తెలుపుదే నచ్చింది, చీకట్లో కళ్లకి గుచ్చదు.

ప్రియదర్శిని పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ఇష్టమో అదే కనపడతాది గదా, శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు. నేను తెరిస్తే డీఓ మీటరు కనపడతాది అని మామతో అన్నా. ఆయనకి అర్థం కాలా, "అది ఇందాకే చూశాంగదా, నాలుగున్నర ఉండాది" అన్నాడు. నిజంగానే కొంచెం కుదుటపడ్డా.

గుంట దగ్గర సిగ్నల్ సరిగ్గా ఉండదు కాబట్టి సాయంత్రమే డౌన్‌లోడ్ చేసి పెట్టుకునేవాణ్ణి, ఆ సుడి తిరగడం చూస్తే అదొక దడ. ఇయర్‌ఫోన్ ఒక్క చెవికే, రెండో చెవి ఏరేటర్లకి, నాలుగిట్లో ఒకటి ఆగినా శబ్దం తేడా తెలిసిపోతాది. దడ మొదలవ్వక ముందే పెట్టుకోవాల, మొదలయ్యాక పెడితే ఘటోత్కచుడొచ్చినా లాభం లేదు. అట్టాంటి రాత్రి ఒకసారి 14416కి ఫోన్ చేశా, టెలి మానస్, మనసు బాగలేనోళ్లకి సర్కారు పెట్టిన ఫోన్ లైను, తెలుగులోనే మాట్లాడారు, కాసేపు ఊపిరి లెక్కపెట్టించారు.

తొంభై ఎనిమిదో రోజు పొద్దున్నే రొయ్యల పట్టుబడి చేశాం. యాభై కౌంటు వచ్చింది, బాకీ పోను పెద్దగా మిగల్లా, అయినా తేలిపోలా, అది చాలు. గుంట ఎండబెట్టాం. ఇంట్లో పడుకుంటున్నా గానీ మూడింటికి మెలకువ మానలా. మొన్న అట్టాగే లేచి ఫోన్ తీస్తే మాయాబజార్ ఆపిన చోటే ఉంది, ఎస్వీ రంగారావు విందు ముందర కూర్చోబోతా ఉండాడు. అన్ని రాత్రుల్లోనూ ఆ వివాహ భోజనంబు దాకా మేలుకుని చూసింది రెండుసార్లో మూడుసార్లో. మా ఆవిడ అటు తిరిగి పడుకునే "సౌండు కొంచెం పెంచు, నేనూ వింటా" అంది.