మా వీధి కాలవ కోసం పది నెలలు: నా అనుభవం

మొన్న అక్టోబరు వాయుగుండానికి మూడు రోజులు ఆగకుండా కురిసింది. రాత్రి రెండుసార్లు లేచి లైటు వేసి చూశాను. కుట్టుమిషను కింద నేల పొడిగా ఉంది. గోడ అవతల కొత్త కాలవలో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు కోసం పది నెలలు తిరిగాను. కోపమూ సంతోషమూ రెండూ చల్లారకముందే రాసిపెడుతున్నాను. ఇంకో వీధి వాళ్ళకు అక్కరకొస్తుంది.

మాది నెల్లూరు జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. ఇంట్లోనే జాకెట్లు కుడతాను, చీరలకు ఫాల్, పీకో వేస్తాను. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. మా ఆయన లారీ మీద పోతాడు, నెలలో పది రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది దాటేలోపల మా జిల్లాను ముంచేసింది. మా వీధిలో అప్పటికి ఉన్నది మట్టి కాలవ, అదీ సగం పూడిపోయి ఉంది. మురుగునీళ్ళు గడప దాటి వచ్చాయి. నెల్లూరు చిన్నబజారు నుంచి తెచ్చిన లైనింగు తానులు రెండు, ఒక పెళ్ళివాళ్ళు ఫాల్ వేయమని ఇచ్చిన వెంకటగిరి చీర మరకలు పట్టిపోయాయి. ఆ చీర డబ్బులు నేనే ఇచ్చాను. వాళ్ళు అడగలేదు. నా చేతికిచ్చిన బట్టకు నాదే పూచీ.

జనవరిలో వార్డు సచివాలయంలో అర్జీ పెట్టాను. కింద పంతొమ్మిది ఇళ్ళ సంతకాలు. అక్కడ రోడ్లు, కాలవల్లాంటి వసతులు చూసే అమెనిటీస్ సెక్రటరీ ఇంజనీరింగు చదివిన చిన్నపిల్ల, మర్నాడే వచ్చి ఫోటోలు తీసుకుపోయింది, రసీదు ఇచ్చింది. ఆ పిల్లకు మాత్రం దండం పెట్టాలి. ఫిబ్రవరిలో మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) వచ్చి వీధి మొదట్లో నిలబడి చూసి, వచ్చే కౌన్సిల్లో పెడతామన్నాడు. మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. కోడ్ అన్నారు, కొత్త పనులేవీ కుదరవన్నారు. మే 13న ఓట్లు, జూన్ 4న లెక్కింపు, తర్వాత కొత్త ప్రభుత్వం. సోమవారం అర్జీల రోజును అంతకుముందు స్పందన అనేవాళ్ళు, అది పీజీఆర్ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక) అయింది. పాత రసీదు జెరాక్సు జతచేసి మళ్ళీ ఇచ్చాను. రసీదు పారేసుకోవద్దు. ప్రతి కాగితానికీ మూడు జెరాక్సులు తీసిపెట్టుకోండి.

మా వార్డు మహిళలకు కేటాయించినది. కౌన్సిలరుగా గెలిచింది ఒకామె. పనులు చూసేది ఆమె భర్త. ఫోను ఆయన దగ్గరే, సంతకం మాత్రం ఆమెది. సగం సీట్లు ఆడవాళ్ళకు ఇచ్చిందే ఆడవాళ్ళ మాట ఆ హాల్లో వినపడాలని కదా! మురుగు ఎత్తిపోసేది, పిల్లలకు జ్వరాలొస్తే ఆస్పత్రిలో కూర్చునేది మనమే. ఓటు ఆమెకు వేశాను, మాట్లాడాల్సింది ఆమెతోనే అని నాకప్పుడు తట్టలేదు. ఆయన చుట్టూనే తిరిగాను. పొద్దున ఏడు లోపల పోతేనే దొరుకుతాడు, ఆ తర్వాత యాడుంటాడో వాళ్ళింట్లోవాళ్ళకే తెలీదు.

జూలై చివర్లో కౌన్సిల్ సమావేశం పెట్టారు. రెండు రోజుల ముందు వాళ్ళింట్లో అజెండా పుస్తకం చూశాను. 27వ అంశం: రామాలయం వీధిలో 120 మీటర్ల సీసీ డ్రైను, అంటే సిమెంటు కాలవ, అంచనా 4 లక్షల 80 వేలు. చదవగానే నా మనసు ఒప్పలేదు. రోజూ నడిచే వీధి అది. 120 మీటర్లు ఎక్కడిది? ఇంటికొచ్చి నా కొలత టేపు తీసుకుని, పక్కింటి పిల్లను తోడు పెట్టుకుని, వీధి ఈ చివర నుంచి ఆ చివరకు కొలిచాను. మీటరున్నర చొప్పున చాక్‌పీసుతో గీతలు పెట్టుకుంటూ పోతే యాభై ఏడుసార్లు, పైన అర మీటరు. అంటే 86. మళ్ళీ కొలిచాను, 86. ఇరవై రెండేళ్ళలో చంక కొలత తప్పి ఒక్క జాకెట్టు వెనక్కి రాలేదు నాకు. ఏఈ వీధి మొదట్లో నిలబడి చూసి పోయాడు తప్ప టేపు పట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

మా ఊళ్ళో రామాలయం వీధులు రెండు. రెండోది బస్టాండు అవతల, వేరే వార్డు. అక్కడికి పోయాను. అక్కడ మూడేళ్ళ కిందటే సిమెంటు కాలవ కట్టి ఉంది. దాన్నీ కొలిచాను. సరిగ్గా 120 మీటర్లు. పాత ఫైలు ముందు పెట్టుకుని కాపీ కొట్టి, వార్డు నంబరుతో సహా అట్టే టైపు చేశారన్నమాట. కట్టేసిన కాలవకు మళ్ళీ డబ్బులు, మునిగే మా వీధికి ఏమీ లేదు!

సమావేశం ముందురోజు ఆఫీసులో గుమాస్తాకు చెప్పాను. "కొలతలు మా పనిమ్మా, అజెండా అచ్చయిపోయింది" అన్నాడు, తల కూడా ఎత్తలేదు. కౌన్సిలర్ భర్త, "ముందు పాస్ కానీ అక్కా, తర్వాత చూసుకుందాం" అన్నాడు. తర్వాత ఏం చూస్తారు? పాసయ్యాక డబ్బులు ఆ పేరు మీదే పోతాయి గదా.

మర్నాడు అడిగి, విలేకరుల వెనక వేసిన కుర్చీల్లో కూర్చున్నాను. అంతకుముందెప్పుడూ ఆ హాలు చూడలేదు. పైన ఛైర్‌పర్సన్, పక్కన కమిషనర్, ఒక వైపు అధికారులు, ఎదురుగా కౌన్సిలర్లు, అందరి ముందూ పేర్ల బోర్డులు. ఒకాయన అంశాలు చదువుతున్నాడు. పారిశుద్ధ్య కార్మికుల జీతాలు, బ్లీచింగు కొనుగోలు, మోటార్ల రిపేర్లు, షాపు గదుల లీజులు, సంత ఆశీలు వేలం. అన్నిటికీ ఆమోదం, ఆమోదం. ఎండాకాలం తిప్పిన నీళ్ళ ట్యాంకర్ల బిల్లు దగ్గర గొడవ మొదలైంది. ఎన్ని ట్రిప్పులు, ఎవరు రాసుకున్నారు అని నలభై నిమిషాలు అరుచుకున్నారు. ఆ గొడవ అవసరమే, నేను తప్పుపట్టను. కానీ అది ముగిసేసరికి అందరికీ ఆకలైంది. "20 నుంచి 31 వరకు ఆమోదం" అన్నారు. బల్లలు చరిచారు. 27 కూడా అందులోనే పోయింది.

నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. "అయ్యా, 27 మా వీధి కాదు. కొలత తప్పు పడింది. ఆ వీధిలో కాలవ ఎప్పుడో కట్టేశారు" అన్నాను. హాలు నిశ్శబ్దమైపోయింది. "ఎవరామె? లోపలికి ఎవరు రానిచ్చారు?" అని పైనుంచి వినపడింది. ఇంకొకాయన, "టైలరమ్మ కొలతలు చెప్పను వచ్చింది" అన్నాడు. నవ్వారు. చాలామంది నవ్వారు. నేను టేపు చేతిలో పట్టుకునే ఉన్నాను. అటెండరు వచ్చి నా మోచెయ్యి పట్టుకుని, "రామ్మా, రా" అంటూ తలుపు దాకా తీసుకుపోయాడు. ఆ అటెండరు పిల్లలకు సంక్రాంతికి లంగా జాకెట్లు కుట్టింది నేనే.

నేను కుట్టిన జాకెట్లు వేసుకున్న ఆడవాళ్ళు ముగ్గురు ఆ కుర్చీల్లో ఉన్నారు. నా కుట్టు నాకు తెలీదా. ఒక్కరూ తలెత్తి నా వైపు చూడలేదు. మా కౌన్సిలరమ్మ బల్ల మీద అజెండా పుస్తకం అంచు మడుస్తా కూర్చుంది. నవ్విన మగవాళ్ళ మీద కంటే ఆ ముగ్గురి మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఇప్పటికీ పోలేదు.

వరండాలో మంచినీళ్ళ కుళాయి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. కాళ్ళు వణికాయి. ఇంటికి పోయి అన్నం తినలేదు. మా ఆయన ఫోనులో, "ఎందుకమ్మే నీకు, వదిలేయ్" అన్నాడు. వదల్లేదు. చూసేవాళ్ళు సమావేశంలో మాట్లాడకూడదని తర్వాత తెలిసింది. ఆ నియమం న్యాయమే, అందరూ లేచి మాట్లాడితే సమావేశం సాగదు. కానీ ఆ మాట నోటితో చెప్పొచ్చు. చెయ్యి పట్టి లాగక్కర్లేదు, నవ్వక్కర్లేదు. ఆ కుర్చీలు మా పన్ను డబ్బులవి. 5 శాతం తగ్గింపు కోసం ఏటా ఏప్రిల్ 30 లోపల ఏడాది పన్ను ఒకేసారి కట్టేదాన్ని నేను. ఒక్క ఏడూ బాకీ పడలేదు.

వారం తర్వాత ఏఈని కలిశాను. తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు. "తీర్మానం అయిపోయిందమ్మా, దాన్ని మార్చాలంటే మళ్ళీ కౌన్సిలే మార్చాలి" అన్నాడు. ఆ రోజే సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాను: 27వ అంశం తీర్మానం నకలు, అంచనా నకలు, మూడేళ్ళ కిందట రెండో వీధిలో చేసిన పని వివరాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని చట్టం. రాసేది మామూలు తెలుగులోనే, ప్లీడరు అక్కర్లేదు. ఏ కాగితం కావాలో సూటిగా అడగండి, ఎందుకు ఇట్టా చేశారని అడగొద్దు. రెండో వారంలోనే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, సవరణ పెడుతున్నామని.

ఇంకో పని కూడా చేశాను. భర్త లేని వేళ చూసుకుని మధ్యాహ్నం కౌన్సిలరమ్మ దగ్గరికి పోయాను. వంటింట్లో చింతపండు గింజలు తీస్తా ఉంది. ఆ రోజు సంగతి ఎత్తలేదు నేను. మూడు వాక్యాలు రాసి తెచ్చిన కాగితం చేతిలో పెట్టాను. వీధి పేరు, వార్డు, ఏ డోర్ నంబరు నుంచి ఏ డోర్ నంబరు వరకు, 86 మీటర్లు. "నేను మాట్లాడితే బయటికి పంపారు, నిన్ను పంపలేరు గదా చెల్లెలా" అన్నాను. ఆమె కాగితం రెండుసార్లు చదువుకుంది. ఆగస్టు సమావేశంలో లేచి అదే కాగితం చదివిందట. గొంతు వణికిందని విలేకరి చెప్పాడు. చదివింది, అది చాలు.

అంచనా 3 లక్షల 44 వేలకు తగ్గింది. టెండరు, వర్క్ ఆర్డరు సెప్టెంబరులో అయిపోయాయి. పని జరిగిన రోజుల్లో మిషను ఆపి వీధిలోనే కూర్చున్నాను. మేస్త్రీ 80 మీటర్ల దగ్గర ఆపేసి, కంకర అయిపోయిందన్నాడు. చివరి ఆరు మీటర్ల ముందు ఉండేది ఒంటరి ముసలామె. టేపు పరిచి చూపించాను. మర్నాడు కంకర వచ్చింది. సిమెంటు ఆరకుండా పది రోజులు గోనెపట్టాలు కప్పి పూటపూటా నీళ్ళు చల్లింది మా వీధి ఆడవాళ్ళమే.

నాలుగు ఇళ్ళ ముందు కాలవ మీద ఇంకా బిళ్ళలు వేయలేదు. ముసలామె చెక్క మీద నడిచి రోడ్డెక్కుతోంది. వచ్చే సోమవారానికి అర్జీ రాసిపెట్టాను. ఈసారి వీధి పేరు పక్కనే వార్డు నంబరు, నాలుగు డోర్ నంబర్లు, ఒక్కో బిళ్ళ ఎంత పొడవు ఎంత వెడల్పు ఉండాలో సెంటీమీటర్లతో సహా వేశాను.